విషాదాంత నాటకంలో కథను నడిపించే చిన్న పాత్రలు: రచయితలకు సమగ్ర మార్గదర్శి

విషాదాంత నాటకం రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా ముందు నాయకుణ్ణి తీర్చిదిద్దుతారు. అతని ఔన్నత్యం, అతనిలోని లోపం, చివరికి అతను కూలిపోయే తీరు, వీటి మీదే వారి ఆలోచనంతా సాగుతుంది. తీరా రాయడం మొదలుపెట్టాక, కథ ఎక్కడైనా ముందుకు కదలకుండా మొరాయిస్తే, ఒక దూతనో దాసినో కావలివాడినో రంగం మీదికి పంపి, అవసరమైన ఒక్క మాట చెప్పించి, పని పూర్తికాగానే బయటికి పంపేస్తారు. ప్రేక్షకుడు ఆ అతుకును ఇట్టే పసిగడతాడు. కథ తనంతట తాను నడవడం లేదని, రచయిత తెర వెనక నుంచి నెడుతున్నాడని అతనికి అర్థమైపోతుంది.

గొప్ప విషాదాంత నాటకాల్లో ఇలా జరగదు. వాటిలో నాయకుడి పతనానికి కారణం నాయకుడిలోనే ఉంటుంది గాని, ఆ కారణం కార్యరూపం దాల్చే దారి మాత్రం చాలాసార్లు పేరైనా లేని ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషికి నాయకుడి విధితో నిమిత్తం లేదు. తన జీతం, తన ప్రాణం, తన యజమానురాలి మీద తనకున్న ప్రేమ, అతనికి తెలిసింది అంతే. ఆ చిన్న కోరిక వెళ్లి నాయకుడి పెద్ద లోపాన్ని తాకుతుంది. చిన్న పాత్రల నిర్మాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇదేనని నా నమ్మకం. కింది మెట్లన్నీ దీన్ని ఆచరణలో పెట్టడానికే.

మొదటి మెట్టు: పతనం నుంచి వెనక్కి నడవండి

నాటకంలోని చివరి ఘటనను ఒక కాగితం మీద ఒకే వాక్యంలో రాయండి. దాని పైన, అది జరగాలంటే అంతకుముందు తప్పనిసరిగా జరిగి తీరవలసిన ఘటనను రాయండి. అలా ఒక్కొక్క మెట్టూ వెనక్కి వెళ్తూ మొదటి రంగం దాకా చేరండి. ఈ గొలుసులో నాయకుడు గాని ప్రతినాయకుడు గాని స్వయంగా చేయలేని పనులు కొన్ని కనిపిస్తాయి. ఒక రహస్యం ఒకరి నుంచి మరొకరికి చేరాలి, ఒక వస్తువు చేతులు మారాలి, ఒక ఉత్తరం ఆగిపోవాలి. చిన్న పాత్రలు పుట్టవలసింది ఆ కీళ్ల దగ్గరే. కీలు లేని చోట పాత్రను సృష్టిస్తే అది అలంకారంగా మిగిలిపోతుంది.

ఈ పద్ధతిని షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' మీద ప్రయోగించి చూడండి. చివరి అంకంలో రాజు పెద్ద కూతురు గోనెరిల్ తన చెల్లెలు రీగన్‌కు విషమిచ్చి చంపి, తానూ పొడుచుకుని చనిపోతుంది. అందుకు కారణం గ్లోస్టర్ ప్రభువు కొడుకు ఎడ్మండ్ కోసం అక్కాచెల్లెళ్ల మధ్య రగిలిన అసూయ. ఆ అసూయ అంత పదునెక్కడానికి కారణం రీగన్ విధవరాలై, ఎడ్మండ్‌ను పెళ్లాడే స్వేచ్ఛ పొందడం. ఆమె విధవరాలు కావడానికి కారణం ఆమె భర్త కార్న్‌వాల్ మరణం. కార్న్‌వాల్‌ను చంపిందెవరు? మూడో అంకం ఏడో రంగంలో, ముసలి గ్లోస్టర్ కన్ను పెరికేస్తున్నప్పుడు చూస్తూ ఊరుకోలేక కత్తి దూసిన ఒక పేరులేని సేవకుడు. అతనికి రాసిన మాటలు పది పంక్తులు దాటవు. చిన్నప్పటి నుంచి మీకు సేవ చేస్తున్నాను, ఇప్పుడు మిమ్మల్ని ఆగమని చెప్పడం కన్నా గొప్ప సేవ ఇంతవరకు చేయలేదు అంటూ యజమానికి ఎదురు నిలుస్తాడు. రీగన్ అతన్ని పొడిచి చంపుతుంది. కాని అప్పటికే అతని కత్తి కార్న్‌వాల్‌కు తగిలింది, ఆ గాయమే అతని ప్రాణం తీస్తుంది. దుర్మార్గుల కూటమి అక్కడి నుంచే విడిపోవడం మొదలవుతుంది.

ఈ మెట్టును ఆచరణలో చూపడానికి ఒక ఊహా నాటకాన్ని వెంట తీసుకువెళ్దాం. నాయకుడు ఒక పెద్ద నది మీద వంతెన కట్టిన ప్రధాన ఇంజనీరు. నిజాయితీపరుడు, ప్రతిభావంతుడు, తన లెక్క తప్పుతుందని ఊహించలేనివాడు. వరద రాత్రి ఆ వంతెన కూలి, దాని మీద వస్తున్న అతని కూతురు చనిపోతుంది. వెనక్కి నడిస్తే వచ్చే ప్రశ్నలు ఇవి: ఆ రాత్రి వంతెనను ఎందుకు మూసేయలేదు? స్తంభంలో పగులు ఉన్నట్టు ఇంజనీరుకు తెలియదు కనుక. ఎందుకు తెలియలేదు? చూసినవాడి మాట అతనిదాకా చేరలేదు కనుక. ఇక్కడ రెండు కీళ్లున్నాయి: పగులును చూసిన కాపలాదారు, ఆ మాటను మధ్యలో ఆపిన గుమస్తా. ఈ కీళ్ల దగ్గర మూడో మనిషి అవసరం లేదు కనుక సృష్టించకూడదు.

రెండో మెట్టు: ఆ కీలు దగ్గర జరగవలసిన పని ఏమిటో తేల్చుకోండి

చిన్న పాత్ర ఒక వార్త తేవచ్చు, ఒక వస్తువును అందించవచ్చు, ఆలస్యం చేయవచ్చు, నోరు విప్పవలసిన చోట మౌనంగా ఉండవచ్చు, ఆజ్ఞను ధిక్కరించవచ్చు, లేదా చేయకూడని పనిని మారు మాట్లాడకుండా చేసేయవచ్చు. చివరిదాన్ని మనం తక్కువగా గుర్తిస్తాం. 'కింగ్ లియర్'లోనే రాజు చిన్న కూతురు కార్డీలియాను ఉరితీసే అధికారి ఒకడున్నాడు. తాను బండి లాగే జంతువును కానని, మనిషి చేసే పని ఏదైనా చేస్తానని చెప్పి ఆజ్ఞ అందుకుని వెళ్తాడు. ఒకే నాటకంలో ఒక సేవకుడు ఆజ్ఞను ధిక్కరించి చనిపోగా, మరొకడు ఆజ్ఞను పాటించి నాటకంలోకెల్లా అమాయకురాలి ప్రాణం తీస్తాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడగలిగితే రచయిత ఎంత ఆలోచించి చిన్న పాత్రలను అమర్చాడో తెలుస్తుంది.

వార్త తెచ్చే పాత్ర విషయంలో ఒక జాగ్రత్త అవసరం. జరిగిపోయినదాన్ని వర్ణించడానికి వచ్చే దూత వేరు, తాను తెచ్చిన మాటతో ఇకముందు జరగబోయేదాన్ని మార్చే దూత వేరు. భాసుడిదిగా చెప్పే 'ఊరుభంగం' ఆరంభంలో ముగ్గురు భటులు యుద్ధరంగాన్ని, భీమదుర్యోధనుల గదాయుద్ధాన్ని వర్ణిస్తారు. వారి పని ప్రేక్షకుడి కళ్లముందు యుద్ధాన్ని నిలపడం. అదే నాటకంలో దుర్యోధనుడి చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి తండ్రి తొడల మీద కూర్చోబోతాడు. తొడలు విరిగిన తండ్రి వద్దని వారించవలసి వస్తుంది. ఆ పసివాడు కథాగమనాన్ని మార్చడు. కాని అంతవరకు ప్రతినాయకుడిగా తెలిసిన రాజును మనం చూసే చూపును మారుస్తాడు. ఈ రెండూ విలువైన పనులే. మీకు కావలసింది కథను కదిపే పాత్ర అయితే మాత్రం, అది రంగం వదిలి వెళ్లేసరికి ఎవరో ఒకరు అంతకుముందు చేయాలనుకున్న పనిని మార్చుకుని ఉండాలి.

మూడో మెట్టు: చిన్న పాత్రకు తనదైన చిన్న కోరిక ఇవ్వండి

ఎక్కువ సమయం వెచ్చించవలసిన మెట్టు ఇది. అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్' పదకొండో అధ్యాయంలో కథ తలకిందులయ్యే ఘట్టాన్ని వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ ఒక చిన్న పాత్రే కావడం గమనించదగ్గది. సోఫోక్లిస్ 'ఈడిపస్'లో కొరింత్ నుంచి వచ్చిన దూత, రాజును సంతోషపెట్టి భయం పోగొట్టాలని మాట్లాడి, సరిగ్గా దానికి వ్యతిరేకమైన ఫలితాన్ని తెస్తాడు.

ఆ రంగాన్ని దగ్గరగా చూడండి. కొరింత్ రాజు పాలిబస్ చనిపోయాడని, అక్కడి ప్రజలు ఈడిపస్‌ను రాజును చేయాలనుకుంటున్నారని చెప్పడానికి ఒక ముసలివాడు వస్తాడు. ఎందుకు వచ్చాడో దాచుకోడు. ఈడిపస్ తిరిగి వస్తే తనకు కొంత మేలు జరుగుతుందని ఆశించి వచ్చానని చెప్తాడు. పాలిబస్ సహజంగా మరణించాడు కనుక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న జోస్యంలో మొదటి సగం తప్పిందని ఈడిపస్ ఊపిరి పీల్చుకుంటాడు. కాని తల్లి ఇంకా బతికే ఉంది కనుక కొరింత్‌కు రావడానికి భయపడతాడు. దూతకు ఆ మాట వినగానే తన బహుమతికి అడ్డం కనిపిస్తుంది, ఆ అడ్డాన్ని తొలగించే మాట కూడా తన దగ్గరే ఉంది. ఆ భయం నీకెందుకు, పాలిబస్ నీ కన్నతండ్రి కాడు, కిథైరాన్ కొండ మీద మడమలు గుచ్చి ఉన్న పసికందుగా నిన్ను నా చేతుల్లోకి తీసుకున్నది నేనే అంటాడు. పక్కనే నిలబడి వింటున్న అతని భార్య జొకాస్టాకు, అతను తన కన్నకొడుకేనని తెలిసిపోతుంది. ఇక విచారించవద్దని భర్తను వేడుకుని, అతను వినకపోయేసరికి లోపలికి వెళ్లిపోతుంది.

ఇక్కడ ఎవరి చేతిలోనూ కుట్ర లేదు. దూత కోరిక ఒక ముసలివాడి కోరిక: తాను కాపాడిన బిడ్డ రాజయ్యాడు, ఆ ఉపకారానికి కాస్త గుర్తింపు కావాలి. అతని స్థానంలో ఏ వివరమూ లేని దూత ఒకడు వచ్చి నీవు పాలిబస్ కొడుకువు కావు అని ప్రకటించి వెళ్లి ఉంటే సమాచారం అదే ఉండేది గాని, విషాదం ఉండేది కాదు.

యూరిపిడిస్ క్రీ.పూ. 428లో ప్రదర్శించిన 'హిప్పోలిటస్'లో దాది కోరిక ప్రేమే. తాను పెంచిన ఫీడ్రా సవతి కొడుకు మీద మోహంతో తిండి మాని చావబోతుంటే చూడలేక, ఎలాగైనా ఆమెను బతికించాలని, ఆ రహస్యాన్ని ఆ యువకుడికే చెప్తుంది. చెప్పేముందు జాగ్రత్తగా అతని చేత ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయిస్తుంది. ఆ జాగ్రత్తే తర్వాత హిప్పోలిటస్‌కు ఉరితాడవుతుంది. తండ్రి తప్పుడు నేరం మోపినప్పుడు, ప్రమాణానికి కట్టుబడి అతను అసలు నిజం బయటపెట్టలేడు. దాది చేసిన ఒక్క పని రెండు చోట్ల కథను కదిపిందని గమనించండి. మీరు కూడా చిన్న పాత్ర చేసే పనికి వెంటనే కనిపించే ఫలితంతో పాటు, రెండు మూడు రంగాల తర్వాత కనిపించే మరో ఫలితం ఉండేలా చూసుకోండి.

కోరికను రాసుకునేటప్పుడు ఒక నియమం పాటించండి. నాటకంలోని పెద్ద విషయాలైన రాజ్యం, న్యాయం, పగ వంటి మాటలు వాడకుండా ఆ పాత్ర కోరికను ఒక వాక్యంలో చెప్పగలగాలి. మన ఊహా నాటకంలో గుమస్తా కోరిక, ఉద్యోగ విరమణ దాకా ఏ గొడవా లేకుండా గడిచిపోవాలన్నది. కాపలాదారు కోరిక, తాను చూసినదాన్ని పైవాళ్లకు అప్పగించేసి రాత్రి నిద్రపోవాలన్నది. ఇద్దరూ ఎవరికీ కీడు తలపెట్టలేదు.

నాలుగో మెట్టు: ఆ కోరికను నాయకుడి పాత ప్రవర్తనతో ముడివేయండి

చిన్న పాత్ర ప్రవర్తన గాలిలోంచి ఊడిపడితే అది యాదృచ్ఛికం అనిపిస్తుంది. నాయకుడు ఇంతకుముందు ఆ మనిషి పట్ల, లేదా అతనిలాంటి మరొకరి పట్ల ప్రవర్తించిన తీరు నుంచి పుడితే అది ఫలితం అనిపిస్తుంది. క్రీ.పూ. 441 ప్రాంతంలో ప్రదర్శితమైనదని భావించే సోఫోక్లిస్ 'యాంటిగొనీ'లోని కావలివాడు ఇందుకు మంచి పాఠం.

యాంటిగొనీ సోదరుడి శవాన్ని పాతిపెట్టకూడదన్న రాజు క్రెయాన్ ఆజ్ఞను ధిక్కరించి ఎవరో ఆ శవం మీద మట్టి చల్లారు. ఆ మాట రాజుకు చెప్పడానికి కావలివాళ్లలో ఎవరూ సిద్ధపడక చీట్లు వేసుకుంటారు. చీటీ పడినవాడు దారిలో పదిసార్లు ఆగి, వెనక్కి తిరిగి, తనలో తాను తర్కించుకుంటూ వస్తాడు. వచ్చాక కూడా అసలు విషయం చెప్పకుండా, అది తాను చేయలేదని, చేసినవాణ్ణి చూడలేదని ముందే చెప్పుకుంటాడు. క్రెయాన్ అతను డబ్బుకు అమ్ముడుపోయాడని నిందించి, నేరస్థుణ్ణి పట్టి తేకపోతే ఉత్త చావు సరిపోదని బెదిరిస్తాడు. కావలివాడు బతుకుజీవుడా అని బయటపడి, ఇక ఈ గడప తొక్కనని అనుకుంటాడు. కాని ఆ బెదిరింపు పనిచేసింది. వాళ్లు శవం మీది మట్టిని ఊడ్చేసి, వాసన సోకకుండా గాలి వచ్చే వైపు గట్టు మీద కూర్చుని, ఒకరినొకరు నిద్రపోనివ్వకుండా కాపలా కాస్తారు. మధ్యాహ్నం దుమ్ముగాలి అణగిన తర్వాత వచ్చిన యాంటిగొనీ వాళ్లకు దొరికిపోతుంది. కావలివాడు ఆమెను తెచ్చి అప్పగిస్తూ, ఆపద తప్పించుకోవడం హాయిగానే ఉంది గాని అయినవారిని ఆపదలోకి నెట్టడం బాధగా ఉందని, అయినా తన ప్రాణం కన్నా అవేవీ ఎక్కువ కావని నిజాయితీగా చెప్పేస్తాడు.

క్రెయాన్ సొంత మేనకోడలిని, తన కొడుకు పెళ్లాడబోయే పిల్లను, తన ముందు నిలబెట్టింది తన బెదిరింపే. ఆ రాజు కాస్త సౌమ్యుడై ఉంటే ఆ కావలివాళ్లు అంత మెలకువగా కూర్చునేవారు కారు. రాజు లోపం ఒక సామాన్యుడి భయంగా మారి, ఆ భయం రాజు ఇంటికే తిరిగి వచ్చింది. చిన్న పాత్రల విషయంలో నాకు తెలిసినంతలో దీనికి మించిన నిర్మాణం లేదు.

మన ఊహా నాటకంలో దీన్ని ఎలా తేవాలి? మొదటి రంగంలోనే, వంతెన ప్రారంభోత్సవానికి ముందు, ఒక యువ ఇంజనీరు లెక్కలో సందేహం ఉందని చెప్తే ప్రధాన ఇంజనీరు అందరి ముందూ అతన్ని అవమానించి ఉద్యోగం నుంచి తీసేయాలి. గుమస్తా ఆ గదిలోనే ఉండాలి, ఒక్క మాటా మాట్లాడకుండా కాగితాలు సర్దుతూ ఉండాలి. రెండో అంకంలో కాపలాదారు నివేదిక చేతికి వచ్చినప్పుడు గుమస్తా దాన్ని దొంతరలో అడుగున ఎందుకు పెట్టాడో ఎవరూ వివరించనక్కర్లేదు.

ఐదో మెట్టు: చివరి తలుపు నాయకుడే మూయాలి

ఇంతవరకు చెప్పినట్టు చిన్న పాత్రలను బలంగా నిర్మిస్తే ఒక ప్రమాదం ఎదురవుతుంది. తప్పంతా గుమస్తాదే, నాయకుడు పాపం అమాయకుడు అని ప్రేక్షకుడు తీర్పు ఇచ్చేస్తాడు. అప్పుడు అది విషాదం కాదు, ఒక దుర్ఘటన. దీన్ని నివారించడానికి, చిన్న పాత్ర తెచ్చిన పరిస్థితిలో నాయకుడు తన స్వభావానికి తగిన ఒక నిర్ణయం తీసుకునేలా చేయాలి.

'జూలియస్ సీజర్'లో ఆర్టెమిడోరస్ అనే వ్యక్తి కుట్రదారుల పేర్లన్నీ రాసిన కాగితం సీజర్ చేతికి ఇవ్వబోతాడు. ఇది మీకు సంబంధించినది, ముందు చదవండి అని ప్రాధేయపడతాడు. మాకు సంబంధించినదాన్ని అన్నిటికన్నా చివర చూస్తాం అంటాడు సీజర్. ఆ ఒక్క మాటతో కాగితం పక్కకు పోతుంది. ఆర్టెమిడోరస్ సాధించింది ఏమీ లేదు, అయినా అతను లేకపోతే సీజర్ మరణంలో సీజర్ పాత్ర ఇంత స్పష్టంగా కనిపించదు.

'రోమియో అండ్ జూలియట్' విషయంలో నాకు ఒక అభిప్రాయం ఉంది. జూలియట్ నిజంగా చనిపోలేదని తెలిపే ఉత్తరం తీసుకువెళ్తున్న సన్యాసి జాన్, అంటురోగం సోకిందన్న అనుమానంతో ఒక ఇంట్లో నిర్బంధంలో ఉండిపోయి ఉత్తరం చేర్చలేకపోతాడు. విడిగా చూస్తే ఇది బలహీనమైన కీలు, ఎందుకంటే అతనికి కోరికా లేదు, అతని నిర్బంధానికి నాయకుడి స్వభావంతో సంబంధమూ లేదు. షేక్‌స్పియర్ ఆ బలహీనతను సేవకుడు బాల్తజార్ సాయంతో పూడ్చుకున్నాడు. జూలియట్ మరణవార్తను బాల్తజార్ ముందుగా తెస్తాడు. రోమియో అప్పటికప్పుడు గుర్రాలు సిద్ధం చేయమంటాడు. ఓపిక పట్టమని, ముఖం పాలిపోయి ఆవేశంగా ఉందని సేవకుడు బతిమాలతాడు. ఆ ఉత్తరం రాసిన సన్యాసి లారెన్స్ దగ్గర నుంచి ఉత్తరాలేమీ లేవా అని రోమియో రెండుసార్లు అడుగుతాడు గాని, లేవని విన్న తర్వాత ఎదురుచూడడు. ఆ తొందర మొదటి నుంచీ అతని స్వభావమే. యాదృచ్ఛికం కేవలం సందు ఇచ్చింది, దూకింది రోమియో.

యాదృచ్ఛికంగా వచ్చే పాత్రలను అరిస్టాటిల్ కూడా మెచ్చుకోలేదు. యూరిపిడిస్ 'మీడియా'లో ఏథెన్స్ రాజు ఈజియస్ ఉన్నట్టుండి వచ్చి మీడియాకు ఆశ్రయం ఇస్తానని మాట ఇవ్వడాన్ని ఆయన అసంగతమైన కల్పనకు ఉదాహరణగా పేర్కొన్నాడు. ఆయన మాటను గౌరవిస్తూనే, ఒక సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. ఈజియస్ బిడ్డలు లేని బాధతో ఉన్నవాడు. సంతానం లేని మగవాడి దుఃఖం ఎంతటిదో చూసిన తర్వాతనే మీడియా భర్త మీద పగతో తన బిడ్డలను చంపే ఆలోచనను బయటపెడుతుంది. అతని రాకకు కారణం బలహీనమే అయినా, అతని బాధ నాటకం నడిబొడ్డుకు సంబంధించినది. తప్పనిసరై ఒక పాత్రను హఠాత్తుగా తేవలసి వస్తే, కనీసం ఆ పాత్ర సొంత బాధ అయినా మీ నాటకపు కేంద్ర విషయంతో ముడిపడి ఉండేలా చూడండి.

ఊహా నాటకానికి వస్తే, వరద రాత్రి కాపలాదారు వానలో తడుస్తూ నేరుగా ఇంజనీరు ఇంటికి రావాలి. ఏదైనా ఉంటే ఆఫీసు ద్వారా రాసి పంపించు, కాపలావాళ్ల మాట మీద నేను వంతెనలు మూయను అని ఇంజనీరే తలుపు వేసేయాలి. గుమస్తా చేసింది తప్పే, కాని ఇప్పుడు అది ఒక్కటే తప్పు కాదు.

ఆరో మెట్టు: ముందుగా నాటండి, వీలైతే ఇద్దరిని ఒకరిగా కలపండి

కీలక సమయంలో మొదటిసారి కనిపించే చిన్న పాత్రను ప్రేక్షకుడు నమ్మడు. కనీసం ఒకసారి ముందు, కథకు అవసరం లేనట్టు అనిపించే చోట, అతన్ని చూపించండి. లేదా ఇతరుల మాటల్లో ప్రస్తావించండి. 'ఈడిపస్'లో తీబ్స్ గొర్రెల కాపరి రంగం మీదికి రావడానికి చాలా ముందే జొకాస్టా మాటల్లో వస్తాడు. తీబ్స్ పాత రాజు, జొకాస్టా మొదటి భర్త అయిన లేయస్ హత్య నుంచి బతికి బయటపడిన ఒకే ఒక్కడు అతనేనని, ఈడిపస్ సింహాసనం మీద ఉండటం చూసి, తనను ఊరికి దూరంగా పొలాలకు పంపేయమని ఆమె చేయి పట్టుకుని వేడుకున్నాడని ఆమె చెప్తుంది. వినేవారికి అప్పుడే చిన్న అనుమానం నాటుకుంటుంది.

ఆ కాపరిలో మరో నైపుణ్యం ఉంది. హత్యకు సాక్షి ఒకరు, పసికందును కొండ మీద వదలకుండా కొరింత్ మనిషికి ఇచ్చినది ఒకరు, ఇలా ఇద్దరిని పెట్టి ఉండవచ్చు. సోఫోక్లిస్ ఇద్దరినీ ఒకే మనిషిని చేశాడు. అలాగే మరణవార్త తెచ్చిన దూత, ఒకప్పుడు పసికందును అందుకున్నవాడు కూడా ఒక్కడే. దీనివల్ల హత్య గురించిన విచారణ, జన్మ గురించిన విచారణ అనే రెండు దారులు ఒకే రంగంలో, ఇద్దరు ముసలివాళ్ల మధ్య కలుస్తాయి. మీ చిత్తుప్రతిలో చిన్న పాత్రల జాబితా రాసుకుని, ఏ ఇద్దరిని కలిపితే కొత్త ఒత్తిడి పుడుతుందో పరిశీలించండి. నటుల సంఖ్య తగ్గడం ఒక లాభమే గాని, అసలు లాభం అది కాదు.

ఏడో మెట్టు: మౌనానికి, మాటకు తగిన సమయం నిర్ణయించండి

కథను కదిపిన చిన్న పాత్రకు ఆ తర్వాత ఏమవుతుంది? చాలామంది రచయితలు ఈ ప్రశ్న వేసుకోరు. 'ఒథెల్లో'లోని ఎమీలియాను చూస్తే ఈ ప్రశ్నకు ఎంత శక్తి ఉందో తెలుస్తుంది.

డెస్డిమోనా భర్త తలకు చేతిరుమాలు కట్టబోతే, ఒథెల్లో అది చాలదని తోసేస్తాడు, రుమాలు కింద పడిపోతుంది. వాళ్లిద్దరూ వెళ్లాక పరిచారిక ఎమీలియా దాన్ని తీసుకుంటుంది. తన భర్త ఇయాగో దాన్ని దొంగిలించమని వందసార్లు అడిగాడని గుర్తు చేసుకుని, అతనికి ఇచ్చేస్తుంది. దాంతో ఏం చేస్తాడో దేవుడికే తెలియాలి, నాకు కావలసింది అతన్ని మెప్పించడమే అంటుంది. భర్త నుంచి ఒక మంచి మాట కోరుకునే భార్య కోరిక అది, అంతకన్నా మరేమీ కాదు. తర్వాతి రంగంలో, ఆ రుమాలు ఎక్కడ పోయిందో అని డెస్డిమోనా అడిగినప్పుడు, తెలియదమ్మా అంటుంది. ఒథెల్లో రుమాలు కోసం భార్యను నిలదీస్తున్నప్పుడు పక్కనే ఉండి కూడా నోరు విప్పదు. ఆ రుమాలు, డెస్డిమోనాకు ప్రియుడని ఇయాగో ఒథెల్లోను నమ్మిస్తున్న కాసియో గదికి, అక్కడి నుంచి బియాంకా చేతికి చేరుతుంది. అసూయతో బియాంకా దాన్ని తెచ్చి కాసియో ముఖాన కొట్టినప్పుడు ఒథెల్లో చాటు నుంచి చూస్తాడు. బియాంకాకు డెస్డిమోనా ఎవరో పట్టదు. తన ప్రియుడి దగ్గర ఎవరో ఆడదాని రుమాలు ఉందన్నదే ఆమె కోపం.

చివరి అంకంలో నిజం అర్థమైన ఎమీలియా, నోరు మూసుకుని ఇంటికి పొమ్మని భర్త కత్తి దూసినా ఆగకుండా అంతా చెప్పేసి, అతని చేతిలోనే చనిపోతుంది. మూడో అంకంలో ఆమె మౌనం కథను పతనం వైపు నడిపితే, ఐదో అంకంలో ఆమె మాట, భార్యను చంపిన ఒథెల్లోకు తాను చేసినదేమిటో చూపిస్తుంది. ఒకే నాలుక రెండుసార్లు కథను తిప్పింది. కథ ముగింపులో నిజం వెల్లడి కావలసిన అవసరం మీ నాటకంలో ఉంటే, ఆ పనికి కొత్త మనిషిని వెతకకండి. దాన్ని మొదట దాచిన మనిషి చేతనే చెప్పించండి.

ఎనిమిదో మెట్టు: మాటలు తక్కువ, ఆ మనిషివే

చిన్న పాత్ర సంభాషణల్లో నాటకపు భావాన్ని ప్రకటించే వాక్యాలుంటే కొట్టేయండి. కాపలాదారు విధి గురించి మాట్లాడకూడదు, పగులు ఎన్ని వేళ్ల వెడల్పు ఉందో చెప్పాలి. వాక్యాల పొడవు కూడా పాత్రను బట్టి ఉండాలి. భయపడినవాడు అసలు విషయానికి చుట్టూ తిరుగుతాడు, మొండివాడు అడిగినదానికే బదులిస్తాడు. ఈడిపస్ ముందు గొర్రెల కాపరి జవాబులు చాలావరకు ఒక్కొక్క పంక్తికి మించవు. చేతులు వెనక్కి విరిచి కట్టించే బెదిరింపు వచ్చాకే అతను నోరు విప్పుతాడు. ఎందుకు బిడ్డను చంపలేదని అడిగితే, జాలిపడ్డానయ్యా అన్నది అతని జవాబు.

చిత్తుప్రతి పూర్తయ్యాక చేయవలసిన పరీక్షలు

మొదటిది తొలగింపు పరీక్ష. ఒక్కొక్క చిన్న పాత్రను తీసేసి నాటకాన్ని మనసులో ఆడించి చూడండి. ఏమీ ఆగకపోతే ఆ పాత్ర కథను నడపడం లేదు. దుర్జయుడిలా చూపును మార్చే పాత్ర అయితే ఉంచండి, అదీ కాకపోతే తీసేయండి. రెండోది మార్పిడి పరీక్ష. ఆ పాత్ర చేసిన పనిని వేరే ఎవరైనా చేసినా అదే ఫలితం వచ్చేటట్టయితే, మీరు మూడో మెట్టుకు తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆ మనిషికి సొంత కోరిక ఇంకా రాలేదు. మూడోది కొంత శ్రమతో కూడినది. నాటకం మొత్తాన్ని ఆ చిన్న పాత్ర ఇంటికి వెళ్లి తనవాళ్లకు చెప్తున్నట్టుగా ఒక పేజీలో రాయండి. గుమస్తా చెప్పే కథలో ఇంజనీరు ఒక కోపిష్ఠి అధికారి మాత్రమే అవుతాడు. వంతెన కూలడం చివర్లో వస్తుంది. ఆ పేజీ సాఫీగా, తర్కబద్ధంగా సాగితే పాత్ర నిలబడినట్టే. మధ్యలో ఎక్కడైనా 'ఎందుకో అలా చేశాను' అని రాయవలసి వస్తే, సరిగ్గా అక్కడే మీ నాటకంలో అతుకు ఉంది.

రిహార్సల్ మొదలయ్యాక ఇదే పని నటుడితో చేయించండి. చిన్న పాత్ర వేసేవారికి వారి రంగం కాగితాలు మాత్రమే ఇచ్చి పంపడం చాలా బృందాల్లో జరుగుతుంది. పూర్తి ప్రతి ఇచ్చి, ఈ మనిషి ఈ గదిలోకి ఎందుకు వచ్చాడు, ఏం తీసుకుని వెళ్లాలనుకున్నాడు అని అడగండి. నటుడు మీ నాయకుడి పేరు ఎత్తకుండా జవాబు చెప్పగలిగితే ఆ రంగాన్ని ఇక ముట్టుకోనక్కర్లేదు. చెప్పలేకపోతే మార్చవలసింది నటుణ్ణి కాదు, ఆ రంగంలోని మొదటి మూడు నాలుగు సంభాషణలను. కోరిక కనబడవలసింది అక్కడే కనుక దిద్దుబాటు అక్కడి నుంచే మొదలుపెట్టండి.